దూలం పెద్దగా ఊగినప్పుడు

ఈ 2026తో ఒక మంచి పనికి యాభై ఏళ్ళు నిండాయి. పెళ్ళికి, బడికి, సంఘానికి, సినిమాకి స్వర్ణోత్సవాలు చేసుకుంటాం. నాలుగైదు పేజీల పరిశోధన వ్యాసాలకు తోరణం కట్టినవాళ్ళు నాకు తెలిసి లేరు. జంషెడ్‌పూర్‌లో, భాలుబాసాలోని మా ఇంట్లో కూర్చుని ఇప్పుడు నేనా పని చేస్తున్నాను. మిల్లుల్లో కంపనాలు కొలుస్తూ ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఆ వ్యాసాల వల్ల నా పనిలో వెలుగు కలిగింది గనుక ఆ కృతజ్ఞత పదిమంది ముందు చెప్పుకోవాలనిపించింది.

1976లో ‘కంప్యూటర్స్ అండ్ స్ట్రక్చర్స్’ అనే పత్రిక ఆరో సంపుటిలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. 163వ పేజీలో మొదలైనది పలుచటి దీర్ఘచతురస్రపు పలకల గురించి. 169వ పేజీలో మొదలైనది దూలాల గురించీ గుండ్రటి పలకల గురించీ. అదే ఏడాది అమెరికాలో వెలువడే ‘ఏఐఏఏ జర్నల్’లో మందపాటి దూలాల మీద మూడో వ్యాసం వచ్చింది. మూడింటి మీదా అవే మూడు పేర్లు: జి. వెంకటేశ్వరరావు, ఐ.ఎస్. రాజు, కె. కనకరాజు. ముగ్గురూ తెలుగువాళ్ళు. ముగ్గురూ తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం నుంచి రాసినవాళ్ళు. వాళ్ళు పట్టుకున్న ప్రశ్న పైకి చిన్నదే. ఒక దూలమో పలకో కొద్దిగా వణకడం మానేసి బాగా పెద్దగా ఊగితే, అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది? ఊగేటప్పుడు దాని ఒంపు ఎలా ఉంటుంది?

ఇంజనీరింగ్ చదివిన ఎవరినైనా అడిగి చూడండి. సహజ పౌనఃపున్యం అంటే వస్తువుకు పుట్టుకతో వచ్చిన అంకె అంటారు. బరువు, బిగువు, పొడవు తెలిస్తే చాలు, ఆ అంకె వచ్చేస్తుంది. మెల్లగా తట్టినా గట్టిగా కొట్టినా అదే ఉంటుంది అంటారు. తరగతిలో మాకూ అలాగే చెప్పారు. చిన్న ఊపులకు అది నిజమే. గెలీలియో లోలకాన్ని చూసి ఊపు చిన్నదైనా పెద్దదైనా పట్టే కాలం ఒక్కటే అనుకున్నాడు. ఆయన అంతటివాడు చూసింది కూడా సుమారు సత్యమే. అట్లతద్ది ఉయ్యాలని నిలువు నుంచి 90 డిగ్రీల దాకా ఎత్తి వదిలితే, ఒక ఊపుకి పట్టే కాలం చిన్న ఊపు కాలం కంటే 18 శాతం ఎక్కువ. హైగెన్స్ ఈ తేడాని పట్టుకుని, ఏ ఊపుకైనా ఒకే కాలం పట్టాలంటే గుండు వృత్తం మీద కాకుండా చక్రజం అనే వంపు మీద నడవాలని లెక్కగట్టి 1673లో అచ్చు వేశాడు. అంటే పౌనఃపున్యం ఊపుతో మారుతుందన్న సంగతి కొత్తది కాదు. యంత్రాల విషయంలో దాన్ని లెక్కలోకి తేవడమే కష్టమైంది.

ఉయ్యాల పెద్దగా ఊగితే నెమ్మదిస్తుంది. రెండు కొసలూ కదలకుండా పట్టి ఉంచిన దూలం పెద్దగా ఊగితే వేగం పుంజుకుంటుంది. కారణం చూడడం తేలిక. దూలం వంగినప్పుడు దాని పొడవు రవ్వంత పెరగాలి. కొసలు లోపలికి జరిగే వీలుంటే ఆ సాగుడు ఉండదు. కొసలు జరగవు గనుక దూలం తీగలా సాగుతుంది, సాగితే లోపల లాగుడు పుడుతుంది, ఆ లాగుడు దూలాన్ని ఇంకా బిగువుగా చేస్తుంది. ఎటు వంగినా సాగుడే, అందుకే ఆ అదనపు బలం స్థానభ్రంశపు ఘనంతో పెరుగుతుంది. ఊపు రెట్టింపైతే అది ఎనిమిది రెట్లవుతుంది. 1950లో వోయినోవ్‌స్కీ-క్రీగర్ ఈ లెక్కని రెండు కొసలా మడతబందు లాంటి ఆధారాలున్న కడ్డీకి చక్కగా చేసి చూపించాడు.

అంకెల్లో చెప్తాను, ఎందుకంటే ఈ అంకెలు చూసే నేను మొదట అబ్బురపడ్డాను. మీటరు పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ తీసుకోండి. రెండు కొసలూ జరగని ఆధారాల మీద ఉన్నాయి. మెల్లగా తడితే సెకనుకు దాదాపు 23 సార్లు ఊగుతుంది. మధ్యలో ఊపు 2.9 మిల్లీమీటర్లకు చేరితే 25 సార్లు. 5.8 మిల్లీమీటర్లకు 30 సార్లు. 8.7 మిల్లీమీటర్లకు 37 సార్లు. చూడండి, ఊపు ఇంకా పట్టీ మందాన్ని కూడా దాటలేదు. అప్పటికి ఉక్కులో పుట్టిన ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 125 న్యూటన్ల లోపే. మామూలు మెత్తటి ఉక్కు అందుకు రెట్టింపు దాకా వంకర పడకుండా తట్టుకుంటుంది. పట్టీ విరగలేదు, వంకర పోలేదు, కంటికి పెద్దగా వంగినట్టు కూడా కనిపించదు. పౌనఃపున్యం మాత్రం 60 శాతం పైగా పెరిగిపోయింది.

దీన్ని నేను కాగితం మీద చూడకముందే ఇనుములో చూశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక కర్మాగారంలో పెద్ద ఫ్యాను గొట్టానికి పలుచటి రేకు మూత ఒకటి చుట్టూ బోల్టులతో బిగించి ఉండేది. ఫ్యాను వేగం పెంచుతూ పోతే మూత హోరు పెట్టేది. మా వాళ్ళు “వైబ్రేషన్ మార్ రహా హై” అని కబురు పెట్టారు. ఫ్యాను ఆపి, రబ్బరు సుత్తితో మూతని తట్టి పౌనఃపున్యం కొలిస్తే ఒక అంకె వచ్చింది. నడుస్తున్నప్పుడు హోరు ఆ అంకెని దాటి చాలా పైదాకా సాగింది. ఇంకా విచిత్రం, వేగం పెంచుతుంటే ఊపు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట తటాలున పడిపోయింది. వేగం తగ్గిస్తుంటే మాత్రం అక్కడ ఏమీ జరగలేదు. ఇంకా కిందికి వచ్చాక ఒక్కసారిగా ఊపు ఎగసింది. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. పరికరం పాడైందేమోనని తోటివాళ్ళు ఇంకోటి తెచ్చి కొలిచారు. అదీ అదే చూపించింది.

జర్మనీలో జార్జ్ డఫింగ్ అనే ఇంజనీరు ఇలాంటి ప్రవర్తనకు 1918లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన పేరుతో ఉన్న సమీకరణం ఈనాటికీ ఈ విద్యకి గుమ్మం. తటాలున దూకడాన్ని ఇంజనీర్లు జంప్ అంటారు. సింగిరేసు ఎస్. రావు గారి ‘మెకానికల్ వైబ్రేషన్స్’ దేశమంతా చదివే పాఠ్యపుస్తకం. అందులో 13వ అధ్యాయం దీని గురించే. సిలబస్ హడావిడిలో ఆ అధ్యాయం దాకా వెళ్ళే కాలేజీలు తక్కువ కావడం నాకు బాధ కలిగించే విషయం.

ఇక మోడ్ అనే మాట దగ్గరికి వద్దాం. వస్తువులోని అన్ని భాగాలూ ఒకే తాళంలో కదిలి, అన్నీ ఒకే క్షణంలో నడిమి స్థితిని దాటి, ఒకే క్షణంలో కొసకి చేరితే ఆ కదలికను మోడ్ అంటాం. చిన్న ఊపుల లోకంలో మోడ్‌లు ఎంతో మర్యాదస్తులు. ఒకదాని జోలికి ఒకటి పోవు. ఎంత చిక్కు కదలికనైనా వాటి కూడికగా రాసేయొచ్చు. ఎన్ని స్వేచ్ఛా దిశలుంటే అన్ని మోడ్‌లే. కంపనాల లెక్కలు కట్టే మామూలు కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ మర్యాద మీదే ఆధారపడి పనిచేస్తాయి.

పెద్ద ఊపులలో ఈ మర్యాదలు చెల్లవు. కూడిక పనికిరాదు. అయినా మోడ్ అనే భావం బతుకుతుందా? 1892లో ఖార్కివ్‌లో పనిచేస్తున్న లియపునోవ్ తన సిద్ధాంత గ్రంథంలో దీనికి గట్టి పునాది వేశాడు: కొన్ని షరతులకు లోబడి, చిన్న ఊపుల ప్రతి మోడ్ నుంచీ పెద్ద ఊపుల ఆవర్తన కదలికల కుటుంబం ఒకటి పుట్టుకొస్తుంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆర్.ఎం. రోసెన్‌బర్గ్ 1960లోనూ ఆ తర్వాతి సంవత్సరాలలోనూ రాసిన వ్యాసాలతో ఆ కుటుంబాలకు యంత్రశాస్త్రంలో పేరు పెట్టి, ఇల్లు కట్టి ఇచ్చాడు. ఆయన మొదటి వ్యాసం వచ్చిన 1960లోనే, ఆగస్టు 15న, మా పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఇప్పుడు ఎన్‌ఐటీగా ఉన్న ప్రాంతీయ సాంకేతిక సంస్థ మొదలైంది. రెండింటికీ సంబంధం లేదు, అయినా ఆ ఏడాదిని నేను ఇష్టంగా గుర్తుపెట్టుకుంటాను.

రోసెన్‌బర్గ్ దారిలో వెళ్ళినవాళ్ళకి కనిపించిన వాటిల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. రెండు సమానమైన బరువులు, ఒక్కోదానికి ఒక్కో స్ప్రింగు, మధ్యలో ఇంకో స్ప్రింగు. స్ప్రింగులు మామూలువైతే రెండే మోడ్‌లు: రెండూ ఒకే వైపు ఊగడం, రెండూ ఎదురెదురుగా ఊగడం. స్ప్రింగులలో ఘనపు బలం ఉండి, మధ్య స్ప్రింగు బలహీనమైతే మూడోదీ నాలుగోదీ పుడతాయి. వాటిలో ఒక బరువు జోరుగా ఊగుతుంటే రెండోది దాదాపు ఊరికే ఉంటుంది. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న బరువులు, ఒకేలా ఉన్న స్ప్రింగులు. అయినా శక్తి ఒక్కదానిలోనే చిక్కుకుంటుంది. టర్బైన్ చక్రం మీద డజన్ల కొద్దీ ఒకేలాంటి రెక్కలుండగా ఒకటి రెండే ఎందుకు అలిసి పగులుతాయన్నది మా రంగంలో పాత ప్రశ్న. రెక్కల తయారీలో వచ్చే చిన్న తేడాలే దానికి ముఖ్య కారణమని తేల్చారు. తేడాలు అసలే లేకపోయినా శక్తి ఒకచోట పోగుపడగలదని ఈ చిన్న నమూనా చెప్తోంది.

తిరువనంతపురం ముగ్గురి గొప్పతనం ఈ నేపథ్యంలో చూడాలి. సిద్ధాంతం రెండు బరువుల దగ్గర, ఒక శుద్ధమైన కడ్డీ దగ్గర అందంగా ఉంది. నిజమైన కట్టడానికి రకరకాల కొసలు, రకరకాల మందాలు, రకరకాల పదార్థాలు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అప్పటికి పదిహేను ఇరవై ఏళ్ళది. కట్టడాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ముక్కల బిగువులను కలిపి, పెద్ద మాత్రికగా పేర్చి కంప్యూటరుకిచ్చే పద్ధతి అది. పెద్ద ఊపులకు దాన్ని వాడే ప్రయత్నం అమెరికాలో చుహ్ మే 1970ల మొదట్లో చేశాడు. మన ముగ్గురూ ఆ దారిని దూలాల నుంచి పలకల దాకా, పలుచటివాటి నుంచి మందపాటి వాటి దాకా, అన్ని దిక్కులా ఒకే బిగువున్న పదార్థం నుంచి దిక్కుకో బిగువున్న పదార్థం దాకా విస్తరించారు.

వాళ్ళ పద్ధతిలోని తెలివిని నేను మా జూనియర్లకి ఇలా చెప్పేవాణ్ణి. ముందు మామూలు లెక్క చేయి. చిన్న ఊపుల మోడ్ వస్తుంది. దాన్ని నీకు కావలసిన ఎత్తుకి పెంచు. ఆ ఒంపులో దూలం ఎంత సాగిందో చూసి, ఆ సాగుడు వల్ల వచ్చిన అదనపు బిగువుని మాత్రికలో చేర్చు. మళ్ళీ అదే మామూలు లెక్క చేయి. కొత్త పౌనఃపున్యం, కొత్త ఒంపు వస్తాయి. మళ్ళీ పెంచు, మళ్ళీ చేర్చు. పౌనఃపున్యం ఇక మారడం మానేసినప్పుడు ఆగు. అంతే. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త గణితం అక్కర్లేదు. ఇంజనీరు చేతిలో ఉన్న పాత ప్రోగ్రామునే పదే పదే నడిపితే చాలు. ఆనాటి కంప్యూటర్లలో జ్ఞాపకం ఎంత తక్కువో, వంతు కోసం ఎంతసేపు కాచుకోవాలో తెలిసినవాళ్ళకి ఈ పొదుపు విలువ తెలుస్తుంది. పెద్ద సమస్యని ఇంజనీరు చేతికందే ఎత్తుకి దించడం ఒక దానం లాంటిది.

రాకెట్లు చేసేవాళ్ళకి ఈ చింత ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1963 నవంబరు 21న తుంబా నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. 1975 ఏప్రిల్‌లో ఆర్యభట్ట సోవియట్ రాకెట్టు మీద వెళ్ళింది. 1976 నాటికి మన సొంత ఎస్‌ఎల్‌వి-3 రూపు దిద్దుకుంటోంది. 1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టింది. రాకెట్టు పైచర్మం పలుచటి లోహపు పలకలే. బరువు తగ్గించే కొద్దీ పలకలు పలుచబడతాయి, పలుచబడే కొద్దీ ఇంజను హోరుకి వాటి ఊపు మందమంత అవుతుంది. అప్పుడు చిన్న ఊపుల లెక్క చెప్పే పౌనఃపున్యం, చెప్పే ఒత్తిడి రెండూ తప్పే. నేను చూసిన ఫ్యాను మూతదీ అదే కథ. ఆకాశానికి వెళ్ళే పలకకీ, మా షాప్ ఫ్లోర్ మీద వణికే రేకుకీ ఒకే సమీకరణం.

నా మెప్పు ఇంకో కారణానికి కూడా. ఊపు చిట్టచివరి దగ్గర ఉన్న బిగువునే ఆవర్తనం మొత్తానికీ వాడితే పౌనఃపున్యం ఎక్కువగా వస్తుంది. పైన చెప్పిన పట్టీకి 2.9 మిల్లీమీటర్ల ఊపు దగ్గర అసలు పెరుగుదల 8.9 శాతం, చివరి బిగువుతో లెక్కిస్తే 11.8 శాతం. 8.7 దగ్గర 37 రావలసింది 41 వస్తుంది. ఊగే వస్తువు ఆవర్తనంలో ఎక్కువ భాగం చివరి కంటే తక్కువ బిగువులో గడుపుతుంది, దాన్ని లెక్కలోకి తేవాలి. ఇలాంటి అంచనాల మీద తర్వాతి సంవత్సరాలలో మన దేశంలోనే మంచి చర్చ నడిచింది. భాష్యం, ప్రతాప్ 1980లో, శర్మ, వరదన్ 1983లో తమ తమ సూత్రీకరణలతో ‘జర్నల్ ఆఫ్ సౌండ్ అండ్ వైబ్రేషన్’లో రాశారు. 1990లో అదే పత్రికలో గజ్‌బీర్ సింగ్, ఎ.కె. శర్మలతో కలిసి వెంకటేశ్వరరావు గారే ఒక వ్యాసం రాశారు. దూలాల పెద్ద ఊపుల లెక్కలలో వాడుతూ వచ్చిన సూత్రీకరణలూ అంచనాలూ ఒక్కొక్కటిగా తీసి తూకం వేసిన వ్యాసం అది. పద్నాలుగేళ్ళ తర్వాత తాను నడిచిన దారినే తిరిగి తవ్వి చూసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నా లెక్కలో 1976 వ్యాసాలెంతో, ఈ 1990 వ్యాసమూ అంతే.

అక్కడితో ఆగలేదు. అంతరిక్ష కేంద్రం తర్వాత వెంకటేశ్వరరావు గారు హైదరాబాద్ శివార్లలో, ఘట్‌కేసర్ దగ్గరి శ్రీనిధి ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చారు. 2000ల్లో కాకినాడ జేఎన్‌టీయూ వైపు నుంచి కె. మీరా సాహెబ్, జి. రంగ జనార్దన ఆయనతో కలిసి మందపాటి దూలాల పెద్ద ఊపులకు కొత్త పద్ధతి చెప్పారు. వంగడాన్నీ కోతనీ విడివిడిగా ఊహించుకోకుండా, ఒకదాని నుంచి ఇంకోదాన్ని సమతుల్య సమీకరణం ద్వారానే రాబట్టడం అందులోని కీలకం. తెలియని రాశులు సగానికి సగం తగ్గిపోతాయి. 2009లో హైదరాబాద్ రక్షణ పరిశోధకులు ఆర్.కె. గుప్తా, గుండ జగదీశ్‌బాబులతో, రంగ జనార్దనతో కలిసి ఆయన రాసిన వ్యాసం దూలాల పెద్ద ఊపులకు ఇంకా సరళమైన ఫైనైట్ ఎలిమెంట్ రూపం ఇచ్చింది. మొదటి వ్యాసానికీ దీనికీ మధ్య 33 ఏళ్ళు. ప్రశ్న అదే. ప్రతిసారీ జవాబు కాస్త పొట్టిదవుతూ, కాస్త తేటపడుతూ వచ్చింది. విద్యార్థుల దాకా, జిల్లా కాలేజీల దాకా అది చేరింది.

ఐ.ఎస్. రాజు గారి దారి అమెరికా వైపు సాగింది. నాసా లాంగ్లీలో జె.సి. న్యూమన్‌తో కలిసి పైపొరలో పుట్టిన అర్ధదీర్ఘవృత్తపు పగులు అంచున ఒత్తిడి తీవ్రత ఎంతో చెప్పే సూత్రాన్ని 1981లో ఇచ్చారు. న్యూమన్-రాజు సూత్రం అంటే విమానాల ఆయుష్షు లెక్కించేవాళ్ళకీ, పీడన పాత్రలు తనిఖీ చేసేవాళ్ళకీ రోజువారీ పనిముట్టు. మా ఉక్కు ఊళ్ళో పగుళ్ళు చూసే ఇంజనీర్లు ఆ పేరు నిత్యం తలుచుకుంటారు. ఆ రాజు గారూ, దూలాల ఊపు లెక్కించిన రాజు గారూ ఒకరేనని వాళ్ళలో చాలామందికి తెలియదు. చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు వికసించడం చూశాను.

బయటి ప్రపంచం ఈ లోగా ఎంతో దూరం వచ్చింది. 1990ల మొదట్లో అమెరికాలో స్టీవెన్ షా, క్రిస్టోఫ్ పియర్ రోసెన్‌బర్గ్ నిర్వచనాన్ని విస్తరించి, ఘర్షణ ఉన్న వ్యవస్థలకూ మోడ్ అంటే ఏమిటో చెప్పారు. కదలిక ఏ వంపుతలం మీద మొదలైతే దాని మీదే ఎప్పటికీ ఉండిపోతుందో ఆ తలమే మోడ్ అన్నారు. అలెగ్జాండర్ వకాకిస్, మానెవిచ్, మిఖ్లిన్ మొదలైనవాళ్ళ పుస్తకం 1996లో వచ్చింది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంలో గేటన్ కెర్షెన్ బృందం 2009 నుంచి ఈ మోడ్‌లను కంప్యూటరులో మొదటి నుంచి చివరి దాకా వెంబడించి గీసే పద్ధతులను ఇంజనీర్లకి అందించింది. ఫ్రాన్స్‌లో పారిస్ అనే పేరున్న చిన్న జెట్ విమానాన్ని పూర్తిగా పరీక్షిస్తే, రెక్కల కొసన ఇంధన టాంకులు బిగించిన బోల్టుల దగ్గరే సహజ పౌనఃపున్యాలు ఊపుతో మారుతున్నాయని తేలింది. బోల్టు కీలు పెద్ద ఊపులలో జారుతుంది; జారితే బిగువు తగ్గుతుంది. మేం మిల్లులో ఫౌండేషన్ బోల్టులు బిగించి బిగించి నేర్చుకున్నది వాళ్ళు విమానంలో కొలిచి చూపారు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. రోలింగ్ మిల్లులో పలుచటి ఉక్కు స్ట్రిప్ వేగంగా పోతున్నప్పుడు, రోలులను పట్టి ఉంచే స్టాండు ఒక్కోసారి సెకనుకు 125 నుంచి 240 సార్ల మధ్య ఊగడం మొదలుపెడుతుంది. దీన్ని చాటర్ అంటాం, దాని జాతిని థర్డ్ ఆక్టేవ్ అంటాం. బయటి నుంచి ఎవరూ ఊపరు. రోలు పైకీ కిందికీ కదిలితే స్ట్రిప్ లాగుడు మారుతుంది, లాగుడు మారితే రోలు మీద బలం మారుతుంది, ఆ బలం తగిన క్షణంలో వచ్చి రోలునే ఇంకా ఊపుతుంది. కొన్ని సెకన్లలో హోరు హాలంతా నిండుతుంది. స్ట్రిప్ మందం అలలు అలలుగా మారుతుంది, తెగినా తెగుతుంది. ఆపరేటరు చెవి ఏ పరికరం కంటే ముందే పట్టేస్తుంది, వేగం తగ్గిస్తాడు. ఆ ఊపు మొదలయ్యేది చిన్న ఊపుల లెక్క ప్రకారమే. ఎక్కడ ఆగుతుందో చెప్పాలంటే మాత్రం పెద్ద ఊపుల లెక్క కావాలి. దూలం ఊపు కంటే ఇది వేరే జాతి. కానీ తిరువనంతపురం వ్యాసాలు చదివినవాడికి ఊపు ఎంత అన్నది మొదట అడగాలన్న అలవాటు వస్తుంది, ఆ అలవాటు ఇక్కడా పనికొస్తుంది.

1907లో ఉక్కు కంపెనీ, 1912లో మొదటి ఉక్కు దిమ్మ, 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు. ఈ ఊరి చరిత్ర అంతటా ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మనవాళ్ళ చెమట ఉంది. బిష్టుపూర్ రామమందిరం దగ్గర మూడు తరాల తెలుగు వినిపిస్తుంది. ఇక్కడ మా పిల్లలు తెలుగు ఇంట్లో మాట్లాడతారు, హిందీ వీధిలో, ఇంగ్లీషు బడిలో. మన భాష మాట్లాడే ఇంజనీర్లు లోకమంతా వాడే పనిముట్లు చేశారని ఆ పిల్లలకి చెప్పాలి. సినిమా నటుల పేర్లతో పాటు ఈ మూడు పేర్లూ వాళ్ళ నోట రావాలి. వెంకటేశ్వరరావు గారికీ, రాజు గారికీ, కనకరాజు గారికీ, వారి వెంట నడిచిన మీరా సాహెబ్, రంగ జనార్దన గార్లకీ భాలుబాసా నుంచి చేతులెత్తి నమస్కారం. మీరు వేసిన లెక్కకి యాభయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు.

ఉత్సవం అన్నాక ఏదో ఒకటి చేయాలి కదా. కాలేజీల్లో ఉన్న పిల్లలకి నా సూచన ఇది. పొడుగాటి పలుచటి ఉక్కు స్కేలు ఒకటి తీసుకోండి. రెండు కొసలనూ బరువైన వైస్‌లలో, ఒకే బల్లకి బిగించినవాటిలో, కదలకుండా పట్టించండి. మధ్యలో గట్టిగా లాగి వదిలి, ఫోనులో శబ్దం రికార్డు చేసి, పౌనఃపున్యం గీసే ఏదైనా ఆప్‌లో చూడండి. ఊపు తగ్గే కొద్దీ గీత కిందికి జారుతుంది. తర్వాత ఒక వైస్ వదులు చేసి, కొస లోపలికి కాస్త జరిగేలా ఉంచి మళ్ళీ చేయండి. గీత దాదాపు అడ్డంగా ఉండిపోతుంది. బిగించిన కొసల వల్ల మీ అంకెలు నేను పైన చెప్పిన వాటికంటే తక్కువ మారతాయి, ఎందుకంటే ఆ ఆధారాల దగ్గర దూలం ముందే బిగువుగా ఉంటుంది. ఎంత తక్కువో తెలియాలంటే 1976 నాటి ఆరో సంపుటి తెరిచి, 169వ పేజీ నుంచి చదవండి.